401 ట్రైల్ తొక్కవచ్చు, కానీ ఊరు చేరిన మర్నాడే కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జులై మూడో వారంలో కుటుంబంతో డాలస్ నుంచి కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్‌కు కారులో వెళ్తున్నారు. నాలుగు రాత్రులు ఉంటారు. రెండేళ్లుగా వారాంతాల్లో మీ దగ్గరి బాటల మీద మౌంటెన్ బైకు తొక్కుతున్నారు. ముందు చక్రానికి మాత్రమే కుదుపులు పీల్చుకునే సస్పెన్షన్ ఉన్న బండి. అక్కడి కొండల్లో 401 ట్రైల్ అనే సైకిలు బాట ఫొటోలు చూసి మనసు పారేసుకున్నారు. ఊరు చేరిన మర్నాడు పొద్దున్నే మీరూ, పద్నాలుగేళ్ల మీ అబ్బాయీ వెళ్లవచ్చా, ఆ బండి సరిపోతుందా, బాట ప్రమాదకరమా అని అడిగారు.

బండి సరిపోతుంది. బాట మీరు అనుకుంటున్నంత ప్రమాదకరం కాదు. మర్నాడు మాత్రం వద్దు. నేను డెన్వర్‌లో ఉంటాను. ఈ పదేళ్లలో ఆ బాట ఎనిమిదిసార్లు తొక్కాను. అక్కడ రాళ్ల వల్ల ఇబ్బంది పడ్డవాళ్లను కొద్దిమందినే చూశాను. ఊపిరి చాలక, పొద్దెక్కాక బయలుదేరి ఇబ్బంది పడ్డవాళ్లను చాలామందిని చూశాను. మొదటిసారి నేనూ వారిలో ఒకణ్ని. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

డాలస్ సముద్రమట్టానికి నాలుగు వందల అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. క్రెస్టెడ్ బ్యూట్ ఊరే దాదాపు 8,900 అడుగులు. మీరు తొక్కడం మొదలుపెట్టే గోథిక్ అనే పాత ఊరు దాదాపు 9,500. అక్కడి నుంచి మట్టిరోడ్డు మీద ఆరు మైళ్లు ఎక్కితే స్కోఫీల్డ్ పాస్ అనే కనుమ, 10,707 అడుగులు. కనుమ చేరాం కదా, ఇక దిగుడే అనుకుంటారు. కాదు. అసలు సింగిల్‌ట్రాక్, అంటే ఒక్క సైకిలు పట్టేంత ఇరుకు బాట, అక్కడే మొదలై, అడవిలో నుంచి ఇంకో ఆరు వందల అడుగులు పైకి లాక్కెళ్తుంది. 11,300 దాటాకే ముందు చక్రం కిందికి వంగుతుంది. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. డాలస్‌లో అవలీలగా తొక్కే గేరులో ఇక్కడ ఇరవై తిప్పులు తిప్పగానే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది.

మా బావమరిది హ్యూస్టన్ నుంచి వచ్చినప్పుడు ఈ మాటే చెప్పాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు రెండున్నర గంటల్లో ఎక్కినవాణ్ని, నాకు కొండలు కొత్తా బావా అన్నాడు. తిరుమల కొండ ఎత్తు మూడు వేల అడుగుల లోపే. స్కోఫీల్డ్ పాస్ ఇంకా కొంత దూరం ఉండగానే ఎమరాల్డ్ లేక్ పక్కన బండి పడేసి, తల రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. పచ్చలా మెరిసే ఆ సరస్సును ఒక్కసారి తలెత్తి చూడలేదు. దేహదారుఢ్యం లేక కాదు. ముందురోజు రాత్రే ఊరు చేరాడు, అంతే. రక్తం ఎత్తుకు అలవాటు పడటానికి రోజులు కావాలి, దాన్ని పట్టుదలతో త్వరపెట్టలేం.

కాబట్టి మీ నాలుగు రాత్రులను ఇలా వాడుకోండి. మొదటి రోజు ఊరి పక్కనే, స్లేట్ నది వెంట సాగే లోయర్ లూప్ మీద అందరూ కలిసి నెమ్మదిగా తిరగండి. ఎక్కుడు తక్కువ, మీ ఆవిడకూ నచ్చుతుంది. రెండో రోజు దాన్ని ఆనుకునే ఉన్న లూపిన్ ట్రైల్ తొక్కండి. వాలు గడ్డిమైదానంలో ఇరుకు బాట ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. మీ అబ్బాయి సంగతీ ఆ రోజే తేలిపోతుంది. మూడో రోజు 401. నాలుగో రోజును వాన కోసం అట్టే పెట్టుకోండి. మొదటి రెండు రాత్రులూ బీరు జోలికి పోకండి, దాహం లేకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి. నిద్రపోయి లేచాక కూడా తలనొప్పి, వికారం ఉంటే మూడో రోజు కూడా వెళ్లకండి.

ఇక గడియారం. జులై, ఆగస్టుల్లో ఆ కొండల మీద పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది. పదింటికి శిఖరాల వెనక దూదిపింజలు లేస్తాయి. మధ్యాహ్నానికి అవే నల్లబడతాయి. 401 పైభాగంలో చెట్లు లేవు. ఆ పచ్చిక మీద పిడుగుకు అన్నిటికంటే ఎత్తుగా నిలబడే వస్తువు మీరే అవుతారు. మొదటిసారి నేను ఊళ్లోనే కాఫీ తాగి, గోథిక్‌లో ఫొటోలు తీసుకుని, పదిన్నరకు తొక్కడం మొదలుపెట్టాను. పైకి చేరేసరికి ఒంటిగంట దాటింది. మొదటి ఉరుము గోథిక్ పర్వతం వెనక ఎక్కడో పెట్టె జరిపినట్లు వినిపించింది. రెండోది వినిపించేసరికి చేతుల మీద వెంట్రుకలు లేచాయి, అది భయమో, గాలిలో విద్యుత్తో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత వడగళ్లు. హెల్మెట్ మీద శనగలు పోసినట్లు చప్పుడు. వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు లీవరు తగిలిందో లేదో తెలియని స్థితిలో, జీవితంలో చూడదగ్గ మైళ్లన్నీ తల వంచుకుని దిగాను. ఒక్క పువ్వూ గుర్తులేదు.

మీరు ఏడింటికల్లా గోథిక్ అవతలి పార్కింగ్‌లో సైకిళ్లు దించి ఉండాలి. స్కోఫీల్డ్ పాస్‌కు గంటన్నర, సింగిల్‌ట్రాక్ ఎక్కడానికి ముప్పావు గంట వేసుకోండి. అందులో కొంత తోసుకుంటూ నడవడమే, సిగ్గుపడనక్కరలేదు, చాలామంది తోస్తారు. పదిలోపు పైన ఉంటారు. ఆగుతూ దిగినా పన్నెండుకు మళ్లీ గోథిక్ చేరతారు. మొత్తం చుట్టు దాదాపు 14 మైళ్లు. ఊరి నుంచే తొక్కుతూ వెళ్లడమంటే రానూపోనూ ఇంకో పదహారు మైళ్లు కలుస్తాయి, మొదటిసారికి వద్దు. తొమ్మిదింటికే మబ్బు నల్లగా ఉంటే వెనక్కి తిరగండి. నాలుగో రోజు ఉందిగా.

మీ ఆవిడ కారులో స్కోఫీల్డ్ పాస్ దాకా దింపితే ఎక్కే బాధ తప్పుతుంది కదా అని అడగబోతున్నారేమో. గోథిక్ వరకు ఏ కారైనా వెళ్తుంది. ఆ తర్వాత రోడ్డు రాళ్లతో, ఎమరాల్డ్ లేక్ పక్కన కొండ అంచు మీద ఒక్క బండి పట్టేంత ఇరుకుగా ఉంటుంది. మంచు ఎక్కువ పడిన ఏడాది జులై మొదటివారంలో కూడా అక్కడ హిమపాతపు గుట్టలు దారి మూసేస్తాయి. నేల నుంచి ఎత్తుగా ఉండే బండి, ఎదురు వాహనం వస్తే అర మైలు వెనక్కి నడిపే ధైర్యం ఉన్నవాళ్లకే ఆ రోడ్డు. ఒకవేళ అక్కడిదాకా వెళ్లినా, పాస్ దాటి అవతలికి ఎట్టి పరిస్థితుల్లోనూ దిగకూడదు. మ్యాపులో అది క్రిస్టల్, మార్బుల్ ఊళ్లకు దగ్గరదారిలా కనిపిస్తుంది. మధ్యలో డెవిల్స్ పంచ్‌బౌల్ అనే చోట బళ్లు లోయలో పడి ప్రాణాలు పోయాయి. ఈ ఒక్క విషయంలో నేను చాదస్తుణ్నే.

బండి దగ్గరికి వద్దాం. చాలామంది మర్చిపోయే సంగతి ఒకటి ఉంది. గన్నిసన్ వెళ్లే దారిలో మొనార్క్ పాస్, 11,312 అడుగులు, దాటుతుండగా వెనక సీట్లో చిప్స్ ప్యాకెట్టు బెలూనులా ఉబ్బడం చూస్తారు. పిల్లలు నవ్వుతారు. మీ టైర్లలో జరిగేదీ అదే. బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి డాలస్‌లో 25 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) పెట్టిన టైరు 401 పైన దాదాపు 30 చూపిస్తుంది. రాయిలా గట్టిపడిన టైరు వదులు మట్టి మీద జారుతుంది, మలుపులో పట్టు వదిలేస్తుంది. మీరేమో బాటను తిట్టుకుంటారు. ఊరు చేరాక గేజితో కొలిచి గాలి తీయండి. వెనక సస్పెన్షన్ లేదు కాబట్టి ఇంకో పౌను తగ్గినా మంచిదే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో గాలికి కూడా ఇదే లెక్క, కానీ అక్కడ తేడా చిన్నది, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించుకుని రండి. టెక్సాస్ బాటల్లో బ్రేకు ఎప్పుడో ఒకసారి ముట్టుకుంటాం. ఇక్కడ దాదాపు పద్దెనిమిది వందల అడుగులు దిగాలి. సీటును మీట నొక్కి దించే డ్రాపర్ పోస్ట్ మీ బండికి లేకపోతే, పైన ఆగి చేత్తోనే నాలుగు అంగుళాలు దించుకోండి. అద్దె బండి కావాలనుకుంటే ఊళ్లో దుకాణాలున్నాయి, ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నది హాయిగా ఉంటుంది, తప్పనిసరి కాదు. బ్యాటరీ సైకిలు మాత్రం ఈ ట్రైల్ మీదికి తీసుకెళ్లకూడదు, మోటారు వాహనాలకు అనుమతి లేని బాట ఇది. గోథిక్ వరకు వెళ్లే రోడ్డు మీద తొక్కవచ్చు కాబట్టి మీ ఆవిడ ఊళ్లో అద్దెకు తీసుకుని అక్కడికి రావచ్చు. గోథిక్ పైనుంచి జడ్ ఫాల్స్ అనే జలపాతానికి ఒక మైలు నడక కూడా ఉంది.

పాస్ దగ్గర దారి తప్పేవాళ్లున్నారు. కొద్ది దూరంలోనే వెస్ట్ మరూన్ బాట మొదలవుతుంది, ఆస్పెన్ వైపు నడిచి వెళ్లే జనం పెద్ద పెద్ద సంచులతో గుంపులుగా అటు పోతుంటారు. వాళ్ల వెంట వెళ్లకండి. ఆ బాట 1964 నాటి చట్టం కింద రక్షించిన అరణ్యప్రాంతంలోకి పోతుంది, అందులో సైకిలును చేత్తో నడిపించుకుంటూ వెళ్లడం కూడా నిషిద్ధం. మీరు కనుమ దగ్గర కుడివైపు 401 అని రాసిన గుర్తు చూసుకుని తిరగాలి.

ఇప్పుడు అసలు బాట. మీకు పల్లెటూరి బాల్యం ఉంటే సులభంగా చెప్పగలను. చిన్నప్పుడు పొడుగు సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కుతూ, జొన్నచేను గట్టు మీద పోయి ఉంటారు. వెడల్పు జానెడున్నర. రెండువైపులా పైరు భుజాల దాకా. ఎదురుగా ఎవరొస్తున్నారో కనిపించదు, ఆకులు మోచేతులను కోస్తుంటాయి. 401 దిగుడు అచ్చం అదే. జొన్నకు బదులు పూలు, గట్టుకు ఒకవైపు లోయ.

జులై మూడో వారం అంటే పూలకు మంచి రోజులే. మంచు ఆలస్యంగా కరిగిన ఏడాది వారం పది రోజులు వెనక్కి పోతాయి. మొదటి వంపు తిరగగానే ఎర్రటి పెయింట్‌బ్రష్, ఊదారంగు లూపిన్, పొద్దుతిరుగుడు జాతి పసుపు పూలు. తడి ఎక్కువున్న పల్లాల్లో మొక్కజొన్నలా పెద్ద ఆకుల కార్న్ లిల్లీ, కొత్తిమీర పూతను వందరెట్లు పెంచినట్లుండే తెల్లటి కౌ పార్స్‌నిప్. దీని రసం చర్మానికి తగిలి ఎండ పడితే బొబ్బలెక్కవచ్చు, అందుకని నేను పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాను. ఎత్తు మీద వెనక్కి తిరిగి చూస్తే మరూన్ బెల్స్ శిఖరాలు, కింద ఈస్ట్ రివర్ పాములా మెలికలు తిరిగిన లోయ, ఎదురుగా 12,600 అడుగులు దాటిన గోథిక్ పర్వతం, దూరంగా ఊరికి పేరిచ్చిన క్రెస్టెడ్ బ్యూట్ కొండ.

ప్రమాదమంటూ ఉంటే ఇందులోనే ఉంది. రాళ్లు తక్కువ, మలుపులు ఇంపుగా ఉంటాయి, చక్రం తనంతట తానే పరుగెత్తుతుంది, కళ్లు లోయ మీదికి పోతాయి. కళ్లు ఎటు పోతే హ్యాండిల్ అటు లాగుతుంది. నా మూడో సవారీలో సరిగ్గా అలాగే జరిగింది. ఎండ ఉంది, వేగం పెద్దగా లేదు. లోయలో మబ్బు నీడ ఒకటి నదిని దాటుతుంటే రెండు క్షణాలు చూశాను. ఏళ్ల తరబడి చక్రాలు తిరిగి బాట కొన్నిచోట్ల మోకాటి సగం లోతు గాడి అయిపోయింది, పైన ఆకులు కప్పేసి ఉంటాయి. ఎడమ పెడలు కిందికి దిగి ఉన్న సమయంలో ఆ గాడి అంచుకు తగిలింది. టక్కుమన్న చప్పుడు, వెనక చక్రం లేచింది, నేను పూలలో ఉన్నాను. దెబ్బలేమీ లేవు. నోట్లో మట్టి. లేచి చూస్తే వెనక గేరు మార్చే డిరైలర్‌ను పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క వంగిపోయి, చైను చక్రం పుల్లలకు తాకుతోంది. హ్యాంగర్ అంటారు దాన్ని. పడినప్పుడు ఫ్రేము బదులు తాను వంగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. ఆ రోజు నా దగ్గర అదనంగా ఇంకొకటి లేదు. చేత్తో కొంచెం వంచి, ఒకే గేరులో గోథిక్ దాకా ఈడ్చుకొచ్చాను. మీ బండి మోడలుకు సరిపడే హ్యాంగర్ ఒకటి ముందే కొని సంచిలో వేసుకోండి. దాంతోపాటు చైను కలిపే లింకు, ట్యూబు, పంపు, టైరు చిల్లు పూడ్చే పుల్లలు ఉంటే చాలు.

అందుకని నా పద్ధతి మార్చుకున్నాను. దిగేటప్పుడు చూపు బాట మీద, ఇరవై అడుగుల ముందు. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో, పిరుదులు సీటు నుంచి లేచి, రెండు బ్రేకుల మీదా ఒక్కో వేలు. చూడాలనిపిస్తే బండి ఆపి, దిగి, బాట పక్కకు జరిగి తనివితీరా చూస్తాను. మీ అబ్బాయికి ఈ ఒక్క నియమం ముందే చెప్పండి. ఫోను హ్యాండిల్‌కు తగిలించి వీడియో తీసుకుంటూ దిగుతానంటే వద్దనండి.

గంట ఒకటి బిగించుకోండి. ఎదురుగా నడిచి వచ్చేవాళ్లు పూలలో కనిపించరు. దారి వాళ్లదే, ఆగాల్సింది మనం. పైకి ఎక్కుతున్న సైకిలుకు కూడా దిగేవాళ్లే దారివ్వాలి. దారివ్వడమంటే పచ్చికలోకి తొక్కేయడం కాదు, ఒక కాలు కింద పెట్టి అంచున ఆగడం. వేసవి చివర్లో ఆవులు మేస్తూ బాటకు అడ్డంగా నిలబడి ఉంటాయి, వాటికి మాత్రం గంట పనిచేయదు, దిగి బతిమాలాలి.

సగం దిగాక రస్ట్లర్ గల్చ్ దారి అడ్డం వస్తుంది. అక్కడ నుంచి రోడ్డు మీదికి దిగిపోవచ్చు. ముందుకు వెళ్తే మళ్లీ ఒక నిటారు ఎక్కుడు, తర్వాత తెల్లటి కాండాల ఆస్పెన్ తోపుల్లో నుంచి గోథిక్ దగ్గరికి దిగుడు. ఆ ఆస్పెన్ ముక్క నాకు పూల భాగం కంటే ఇష్టం, ఈ మాటకు నా స్నేహితులు నవ్వుతారు. కానీ మీ అబ్బాయి కాళ్లు అప్పటికే వణుకుతుంటే అక్కడితో ఆపేయండి. అలసిన కాళ్లతోనే పడతాం. వాడి గురించి నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. లూపిన్ ట్రైల్ మీద బ్రేకులు బిగపట్టకుండా, పెడళ్లు సమానంగా ఉంచి దిగగలిగితే తీసుకెళ్లండి. పద్నాలుగేళ్ల వాళ్లకు ఎత్తు అంతగా బాధించకపోవచ్చు, నాన్నల కోసం ఆగి ఆగి విసుగు రావచ్చు. లూపిన్‌లోనే నేల చూస్తూ ఏడుపు మొహం పెడితే, ఊరి దగ్గరి స్కీ రిసార్టు కొండ మీద సైకిలు పార్కు ఉంది, లిఫ్టులో పైకి పోయి దిగడమే పని. ఊరి నుంచి అక్కడికి ఉచిత బస్సు తిరుగుతుంది. వాడు అదే ఎక్కువ మెచ్చుకున్నా ఆశ్చర్యం లేదు.

గోథిక్‌లో పొద్దున కారు దిగినప్పుడు పాత చెక్క ఇళ్లు కనిపిస్తాయి. వెండి గనుల కాలంలో కట్టిన ఊరు అది, గనులు పోయాక ఖాళీ అయింది. 1928లో అక్కడ రాకీ మౌంటెన్ బయోలాజికల్ లాబొరేటరీ మొదలైంది. 1973 నుంచి ఏటా అదే పచ్చికలో, అవే చదరాల్లో పూలు లెక్కపెడుతున్నారు. ఏ పువ్వు ఏ రోజున పూసిందో, మంచు ఏ రోజున కరిగిందో అన్నీ నోటుపుస్తకాల్లో ఉన్నాయి. గడ్డిలో చిన్న జెండాలో, నంబరు వేసిన గుర్తులో కనిపిస్తే అవి వాళ్లవి. ఫొటో కోసం వాటిలో అడుగుపెట్టకండి.

ఊరికి సైకిలు చరిత్ర కూడా ఉంది. 1976లో ఆస్పెన్ నుంచి కొందరు మోటారుసైకిళ్ల మీద 12,700 అడుగుల పెర్ల్ పాస్ దాటి వచ్చి గొప్పలు పోతే, ఇక్కడివాళ్లు పంతానికి పోయి తమ డొక్కు సైకిళ్లతో అదే కొండ దాటి ఆస్పెన్ వెళ్లారు. రెండేళ్లకు కాలిఫోర్నియా నుంచి మౌంటెన్ బైకు ఆద్యులు జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ వంటివాళ్లు ఈ యాత్రకు వచ్చి కలిశారు. మౌంటెన్ బైకు అనే వస్తువు ఇంకా దుకాణాల్లోకి రాని రోజులవి. సాయంత్రం ఊళ్లో ప్రతి ఇంటి ముందూ గేర్లు లేని తుప్పు సైకిళ్లు తాళం లేకుండా ఆనించి ఉంటే ఆశ్చర్యపోకండి, ఆ ఊరి తీరే అంత.

చివరగా సంచి సంగతి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, వానకోటు, పైన వేసుకోవడానికి పలచని ఉన్ని చొక్కా. తిండికి నేను పల్లీ చిక్కీ, చిన్న డబ్బాలో పులిహోర తీసుకెళ్తాను. ఆ ఎత్తులో నోరు ఎండిపోయి తీపి బార్లు మింగుడు పడవు, పులుపూ ఉప్పూ మాత్రం దిగుతాయి. గోథిక్ దగ్గరా, ఆ పైనా ఫోను పనిచేయదు. కాబట్టి మీ ఆవిడకు ఒక సమయం చెప్పి వెళ్లండి. పన్నెండున్నర అన్నారనుకోండి, రెండింటిదాకా కంగారుపడవద్దని కూడా చెప్పండి, పూల దగ్గర ఆగుతారు కదా. కారులో చెప్పులు, పొడి సాక్సులు, తువ్వాలు పెట్టమనండి.